పసుపు గిన్నె

బెంగళూరులో మా పక్క వాటా ఆమె ఎక్కడ కూర్చున్నా కాలు ఊపుతూనే ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎలక్ట్రానిక్ సిటీ బస్సులో పరిచయం. పెళ్లికి ముందు ఒక అమ్మాయిని ప్రేమించానని, ఆడైనా మగైనా తనకు మనసవుతుందని దాచకుండా చెప్పేది. భర్తకూ తెలుసు.

"మొగుడుండాడు కదమ్మా, ఇంకా ఆ మాటెందుకు?" అనేది ఇంటి ఓనరమ్మ.

"ఆయనతోనే ఉంటాను ఆంటీ. అంతమాత్రాన నేను వేరే మనిషినైపోతానా?"

శ్రావణ శుక్రవారం పేరంటంలో ఓనరమ్మ అందరి పాదాలకూ తనే పసుపు పూస్తూ వచ్చింది. నా తర్వాత ఆమె వంతు. ఓనరమ్మ గిన్నె ఆమె ముందుకు జరిపి, "నువ్వే పూసుకోమ్మా" అంది.

"మీరు పూసేదాకా కూర్చుంటాను ఆంటీ" అంటూ ఆమె పాదం చాపింది.

ఎప్పుడూ ఆగని ఆ కాలు కదల్లేదు. తడి పసుపుతో నా కాలే ఊగడం మొదలుపెట్టింది.