బాత్రూం బాగోలేదని రాసినందుకు

పొద్దున్నే ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాలకు టీచర్ల శిక్షణకు వెళ్లాను. మధ్యాహ్నం చూస్తే ఆడవాళ్ల బాత్రూంకు తాళం వేసి ఉంది. ఎందుకని నిర్వాహకుణ్ణి అడిగాను.

"పోయినసారి గలీజుగా ఉందని మీరే రాసిస్తిరి కదా మేడం. అందుకే ఈసారి తాళమేసినాం. ఇంగ గలీజు యాడిది?" అన్నాడు. పైగా నేను మెచ్చుకుంటానేమోనని చూశాడు.

ఆడవాళ్లమంతా సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగకుండా కూర్చున్నాం. వచ్చేటప్పుడు అభిప్రాయం రాయమని మళ్లీ కాగితం చేతిలో పెట్టాడు. సాంబారు నీళ్లలా ఉందని రాయబోయి ఆగాను. రాస్తే వచ్చేసారి భోజనమే ఎత్తేస్తారు. "అంతా బాగుంది" అని రాసిచ్చి బస్సెక్కాను.

వాళ్ల మీదకన్నా ఇప్పుడు నా రాత మీదే నాకు రోతగా ఉంది. మీరైతే ఏం రాసేవాళ్లు?