తోడు అడగని ఇల్లు

మా ముత్తాత హైదరాబాదు కార్వాన్‌లో జరీ సాహుకారు. పెళ్ళిళ్ళ కాలంలో దేవిడీల్లోని దొరల బగ్గీలు మా దుకాణం ముందు వరసగా ఆగేవనీ, మా తాత వస్తుంటే నవాబుల మున్షీలు లేచి నిలబడేవారనీ మా ఇంట్లో పిల్లలకు మాటలు రాకముందే చెప్తారు. మా నాన్న కాలానికి బగ్గీలు పోయాయి, జరీ పోయింది, నిటారుగా కూర్చునే అలవాటు ఒక్కటి మిగిలింది. నేను ఇప్పటికీ ఆటోలో వీపు ఆనించి కూర్చోను. ఇదంతా ఈ ఉదయం గుర్తు రావడానికి కారణం మా వెనక గల్లీ ఆవిడ. స్టీలు గిన్నెతో వాకిట్లో నిలబడి, "అన్నా, తోడుకు పెరుగు ఉంచుడు మర్చిపోయిన, జర ఇయ్యుండ్రి," అంది. లోపలికి వెళ్ళి చెంచాడు పెరుగు తెచ్చి ఆమె గిన్నెలో వేశాను. కొన్నేళ్ళ కిందట అయితే ఆ పని చేసి ఉండేవాణ్ణి కాదు.

మన తోడు గడప దాటకూడదు, బయటి తోడు గడప లోపలికి రాకూడదు అన్నది మా నాన్నమ్మ పెట్టిన కట్టడి. ఆమె అత్తగారి కుండలోని పెరుగే ఒక రోజు పాల నుంచి మరో రోజు పాలలోకి దిగుతూ మా దాకా వచ్చిందని ఇంట్లో నమ్మకం. మట్టి కుండ పోయి స్టీలు గిన్నె వచ్చింది, పెరట్లో బర్రె పోయి ప్యాకెట్ పాలు వచ్చాయి, తోడు మాత్రం అదేనట. ఎవరైనా భోజనానికి వస్తే, "మీరు తింటున్నది మా ముత్తవ్వ పెరుగు," అని నేను గంభీరంగా చెప్పేవాణ్ణి. వాళ్ళు మర్యాదకు రెండు ముద్దలు తిని, కొంచెం పులుపెక్కిందని గొణిగేవారు. పేరున్న వంశం, ఖాందాన్ అన్నాక ఆ మాత్రం పులుపు ఉండదా అని సరిపెట్టుకునేవాణ్ణి.

మా అన్నకు పొద్దున్నే గుడిమల్కాపూర్ పూల మార్కెట్ దాకా నడిచి దేవుడికి పూలు తెచ్చే అలవాటు. కొన్నేళ్ళ కిందట ఓసారి కొత్త చెప్పు కరిచి బొటనవేలి పక్కన పుండు పడింది. అసలే షుగర్ మనిషి. పుండు నల్లబడింది, పాదం ఉబ్బింది, ఒళ్ళు కాలిపోతుంటే ఆస్పత్రిలో చేర్చాం. మొదట ఇచ్చిన మందు పని చేయలేదు, మార్చి ఇచ్చినదీ పని చేయలేదు. డాక్టరు ల్యాబు రిపోర్టు చూసి, ఇంకొక మందు మిగిలిందనీ, దానికీ లొంగకపోతే పాదం తీసేయక తప్పదనీ చెప్పాడు. ఆ పైన, "మెడికల్ షాపులో అడిగి మాత్రలు వేసుకునేవారా? ఈ క్రిమికి మందులన్నీ అలవాటైపోయి ఉన్నాయి," అన్నాడు.

నేను కుర్చీలోంచి లేచాను. "మా ఇంట్ల అసుంటి అలవాట్లు లేవు డాక్టరు గారూ. మా అన్న జలుబొస్తే మిరియాల కషాయం తాగుతడు. ఈ రిపోర్టు ఇంకెవరిదో అయుంటది."

పాపం, మళ్ళీ పరీక్ష చేశారు. అదే క్రిమి వచ్చింది. ఈలోగా కొత్త మందు ఎక్కిస్తూనే ఉన్నారు.

అన్న కూతురు వేరే ఆస్పత్రి ల్యాబులో ఇలాంటి పరీక్షలే చేస్తుంది. వరండా బల్ల మీద నా పక్కన కూర్చుని, "ఊకె డాక్టరుతోని లొల్లి పెట్టుకోకు చిన్నబాపూ. బాపు మాత్రలు మింగకున్నా గట్లయితది," అంది.

"అయితే ఆ క్రిమి తాత ముత్తాతలకు అలవాటున్నదా?"

"తాత ముత్తాతలతోని దానికేం పని? పక్కన కూసున్నదాని కాడ తీస్కుంటది."

తర్వాత ఓపికగా వివరించింది. మందును తట్టుకునే విద్య ఒక్కోసారి క్రిమిలో ఉంగరంలాంటి చిన్న జన్యువుల చుట్ట మీద ఉంటుందట. ఒక క్రిమి ఇంకో క్రిమిని సన్నని గొట్టంతో పట్టుకుని దాని నకలు అందిస్తుందట. అవి రెండూ ఒకే జాతివి కానక్కర్లేదు. కొన్నయితే చచ్చిన క్రిమి వదిలేసిన ముక్కలను కూడా ఏరుకుని వాడుకుంటాయి. పిల్లలు పుట్టేదాకా ఆగడం, వాళ్ళకే ఇవ్వడం అన్న నియమం లేదు.

"అంటే దత్తత అన్నట్టా?" అన్నాను.

"దత్తతకు మనోళ్ళు ఖాందాన్ చూడరా? గిది తోడు లెక్క. పక్కింటికి చెంచెడు ఇస్తరు, ఇచ్చినోళ్ళ గిన్నె ఏం తక్కువ కాదు, తీస్కున్నోళ్ళకు గిన్నె నిండుతది."

ఆ పోలిక నాకు నచ్చలేదు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం మందులు వచ్చాక మొదలైంది కాదనీ, క్రిములు పుట్టిన కాలం నుంచీ ఉందనీ, వాటి వంశాన్ని చెట్టులా గీయబోతే కొమ్మ కొమ్మతో ముడిపడిపోతుందనీ కూడా చెప్పింది. కిటికీలోంచి ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం చూపించి, "గా వైర్లు చూడు. ఏది ఎవరింటికెళ్ళి వచ్చిందో చెప్పు," అంది. నేను ఒక వైరును చూపుతో పట్టుకుని వెళ్తే అది స్తంభం దగ్గరి చిక్కుముడిలో కలిసిపోయింది.

ఇదంతా విన్న మా అన్న మంచం మీంచి, "ఖాందాన్ లేదు గనుకనే మస్తు బతుకుతున్నయ్ తమ్మీ," అన్నాడు. తర్వాత, "నా కాలు పోతే ఫికర్ నీ గురించే. నన్ను పట్టుకొని నడవాలంటే నీ నడుం వంగాలె గద," అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

మందు పట్టింది. ముందు జ్వరం దిగింది, తర్వాత వాపు తీసింది. ఒక పొద్దున కట్టు మార్చి, ఎర్రటి కొత్త కండను చూపిస్తూ, "కోయనక్కర్లేదు," అన్నాడు డాక్టరు. నేను గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. అలా నిలబడ్డానని అన్న కూతురు నవ్వితే గాని నాకు తెలియలేదు.

ఇంటికి వచ్చాక అన్న అడిగింది పెరుగన్నం. ఫ్రిజ్ తెరిస్తే మా ముత్తవ్వ పెరుగు పచ్చని బూజు కట్టి ఉంది. ఇన్నాళ్ళూ ఆస్పత్రిలోనే ఉండి దాని సంగతి ఎవరమూ తలచుకోలేదు. గిన్నె కడిగి, చొక్కా సర్దుకుని వెనక గల్లీకి వెళ్ళాను. ఆవిడ భర్త బస్సు డిపోలో మెకానిక్. ఇంత కాలం ఎదురుపడితే తల ఊపడమే తప్ప ఆ గడప తొక్కింది లేదు. నా చేతిలో గిన్నె చూసి ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏంది సేటూ, ఇయ్యాల ముందర తలుపుకెళ్ళి వచ్చినవు?"

"అంటే?"

"మీ అమ్మ ఎప్పుడూ వెనక తలుపుకెళ్ళే వచ్చేది. ఎండకాలం మీ పెరుగు ఖరాబైతే మా అత్త కాడ తోడు తీస్కపోయేది. 'మా అత్తకు చెప్పకు అక్కా' అని మా అత్తను బతిమాలేది. మా ఇంట్ల లేకుంటే మీ ఇంటికెళ్ళి తెచ్చుడు. ఎవరి తోడు ఎవరిదో దేవునికే ఎర్క."

ఇంకో రోజైతే నేను ఏమనేవాణ్ణో తెలియదు. ఆ రోజు మా అన్న ఇంట్లో రెండు పాదాలూ చాపుకుని పడుకుని ఉన్నాడు. గిన్నె ముందుకు చాచి, "ఇంకొంచెం వెయ్యమ్మా," అన్నాను. మర్నాడు పెరుగు గట్టిగా తోడుకుంది. అన్న రెండోసారి కలుపుకుని, "ముత్తవ్వకు పులుపు తగ్గింది," అన్నాడు.

ఇప్పుడు అన్న మళ్ళీ పూలకు నడిచి వెళ్తున్నాడు, మెత్తటి చెప్పులతో. కాలం తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి నిలువునా దిగుతుందని మాకు నేర్పారు. అది తోడులా గోడలు దాటి పక్కకు కూడా పోతూ ఉండిందని తెలుసుకునేసరికి మా తల నెరిసింది. ఆ కాలి వైద్యానికి ఇంట్లో మిగిలిన వెండి కంచాలు అమ్మేశాం, ఇప్పుడు అన్న పెరుగన్నం తినేది స్టీలు కంచంలోనే.