నేను కత్తిరించిన ఆఖరి చరణం

నా దగ్గర ఒక పేరు ఉండిపోయింది. ఏళ్ళ తరబడి దాన్ని మోస్తున్నాను. చెప్పాలని నోరు తెరిచినప్పుడల్లా ఇంకేదో మాట చెప్పి తప్పించుకుంటాను. నన్నెరగని మీకైతే చెప్పడం సులువేమో. పిరికివాణ్ణి, కాదనను.

గోపాలపట్నంలో మా గురువుగారింట్లో సంగీతం నేర్చుకున్నాను. స్టీల్ ప్లాంటులో డ్యూటీ దిగడం, స్నానం చేయడం, తిన్నగా అక్కడికే పోవడం. ఆయన పాడితే టేపురికార్డరులో పట్టేవాణ్ణి. అదే నా గొప్ప. ఆ ఇంటికి పద్మనాభం నుంచి బస్సులో పెరుగు తెచ్చే ఆవిడ ఒకరుండేవారు. కుండ దించి గడప దగ్గర కూర్చుంటే, పాఠం అయ్యేదాకా కదిలేవారు కాదు. మేం శిష్యులం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు ఆవిడ తను కట్టుకున్న పాటొకటి గురువుగారికి వినిపించారు. సింహాద్రి అప్పన్నను వాన అడిగే పాట. నీ ఒంటికి చందనం ఉంది, మరి నా ఆకుమడికి నీళ్ళేవయ్యా అని దేవుణ్ణి నిలదీసే పాట. వరినారు ఎండుతుంటే గట్టు మీద కూర్చుని కట్టారట. గురువుగారు కళ్ళు మూసుకుని విన్నారు. ఆనందభైరవిలో కాస్త దిద్ది, తనే పాడటం మొదలుపెట్టారు. కీర్తన కట్టినవాళ్ళు ఆఖరి చరణంలో తమ పేరు ముద్రగా వేసుకోవడం మన సంగీతంలో ఆచారం కదా. ముద్ర లేనిదే పాట పూర్తికాదని, ఆవిడ సిగ్గుతో వద్దంటున్నా వినకుండా పేరు వేయించారు. ఆయన ఆ పేరుతో సహా పాడుతుంటే టేపు పట్టింది నేనే.

గురువుగారు పోయాక ఆయన కీర్తనలతో సీడీ వేద్దామని ముందుకొచ్చిందీ నేనే. క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి వింటే, అన్నింట్లోకీ ఆ పాటే మిన్న. అక్కడే నాకు కంటగింపైంది. ఇంటికొకరికి ఉండే ఆ పల్లెటూరి పేరు ఆయన గొంతులో ఖంగుమంటోంది. సభల్లో పెద్దవాళ్ళు ఏమనుకుంటారు? పెరుగమ్మే మనిషి కట్టిన కీర్తనని ఈయన పాడుకున్నాడంటే ఆయన పరువేం కావాలి? ఆయన పరువట! ఆయనే సంతోషంగా పాడినదానికి నాకెందుకు తలవంపులు? నా పరువు కోసం చేశానని ఇప్పుడు తెలిసిందా, లేక అప్పుడే తెలుసా? తెలుసు. తెలిసే చేశాను. ఆ చరణం కత్తిరించి, ముందు చరణాన్ని ముగింపు పల్లవికి అతికించాను. అతుకు ఎవరూ పట్టలేకపోయారు. నా పనితనానికి ఎంత మురిసిపోయానో!

అంతటితో ఆగానా? సీడీతో పాటు గురువుగారి జీవిత చరిత్ర అంటూ చిన్న పుస్తకం రాశాను. భీమిలి తీరాన సముద్రం మీద కమ్ముకొస్తున్న మబ్బుని చూసి, పరవశించి, ఆశువుగా ఈ కీర్తన పాడారని అందులో పెట్టాను. శుద్ధ అబద్ధం. ఆయనకి సముద్రపు గాలి పడేది కాదు, బీచికి రమ్మంటేనే విసుక్కునేవారు. గొప్ప వాగ్గేయకారుల కథల్లో ఇలాంటి ఘట్టం ఒకటుంటుంది కదా, మా గురువుగారికీ ఉండాలని అల్లిపెట్టాను.

సీడీ విని ఆవిడ మా ఇంటికొచ్చారు. కోపంగా రాలేదు. గుమ్మంలో నిలబడి అడిగారు.

"బాబూ, పాట బాగొచ్చింది. మరి నా పేరున్న ముక్క ఇనబడ్లేదేటి?"

"టేపు నలిగిపోయిందమ్మా. సరిగ్గా అక్కడే పాడైంది." తడుముకోలేదు కూడా.

"అయ్యో! పోన్లే బాబూ. అయ్యగారి గొంతు మిగిలింది, అదే సాలు. నువ్వేటి సేత్తావు, నీ తప్పేటుంది?"

మా ఆవిణ్ణి గిన్నె తెమ్మని, పెరుగు పోసి వెళ్ళారు. ఆ పెరుగు నేను తిన్నాను. అవును, కడుపునిండా తిన్నాను.

ఇప్పుడా పాట ఫోన్లలో తిరుగుతోంది. పిల్లలకి పాఠం చెప్పేవాళ్ళు నా భీమిలి కథ కూడా కలిపి చెబుతున్నారు. మొన్న సంగీతం పోటీలకి నన్ను జడ్జిగా కూర్చోబెట్టారు. ఒకమ్మాయి ముందు ఆ కథ చెప్పి, తర్వాత ఆ పాట పాడింది. ఎంత బాగా పాడిందో! కిందికి చూస్తే మొదటి వరసలో ముసలావిడ చప్పట్లు కొడుతోంది. పెరుగు తెచ్చిన ఆవిడే. గుర్తుపట్టి, మార్కుల కాగితంలోకి తల దించుకున్నాను. బహుమతి ఇచ్చాక ఆ పిల్ల నా దగ్గరికొచ్చి నవ్వుతూ అంది.

"మా అమ్మమ్మ ఈ పాట నాదే అంటాది సార్. పెద్దదైపోయింది కదా, అలాగే ఏదోటి అంటాది."

నేను నవ్వాను. మీరు నమ్ముతారో లేదో, ఆ పిల్లతో పాటు నేనూ నవ్వాను.

అప్పట్నుంచీ నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు. ఆవిడ పేరు తీసేశాననుకున్నాను గానీ, సొంత మనవరాలి దగ్గర ఆవిడ మాటకి విలువ లేకుండా చేశాను. టేపు నలగలేదు. కత్తిరించిన ముక్క నా కంప్యూటర్లో చెక్కుచెదరకుండా ఉంది. పద్మనాభం బస్సెక్కి వెళ్ళి ఆ పిల్లకి వినిపిస్తే చాలు. ఆ ఒక్క పనీ చేయలేకపోతున్నాను. రేపు చేస్తానని మాటివ్వను, నా మాట సంగతి మీకిప్పుడు తెలుసు.

మీ ఇంట్లో ఎవరైనా సింహాద్రి అప్పన్నని ఆకుమడికి వాన అడిగితే, ఆ పాట భీమిలి తీరాన పుట్టలేదని చెప్పండి. మా గురువుగారు కట్టలేదని చెప్పండి. కట్టింది అప్పలనరసమ్మ. పద్మనాభం అప్పలనరసమ్మ.