ముసుగు బొమ్మను సముద్రంలోకి పంపిన పొద్దు

ఇది గాలివాన వెలిసిన శుక్రవారం, పొద్దున ఆరు గంటలకు జరిగింది. నిన్న మనవడు తాను పోగేసే పాత సైన్స్ ఫిక్షన్ విలన్ బొమ్మల్లో నల్ల ముసుగు వాడిని చూపిస్తే గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా ఊరు మైపాడు సముద్రపొడ్డున అట్లాంటి బొమ్మే మా వలలో పడింది. ఆ ముసుగు నీళ్ళలో ఊపిరి పీల్చేదానికే అనుకున్నాను. గాలివానకు ముందు చేపల వేటకు పోయిన నాయన పడవ ఆ శుక్రవారం పొద్దుటికీ రాలేదు. బొమ్మను అలల్లోకి విసిరేశాను.

“ఏంది మే, దాన్ని వదలకుండా తిరిగేదానివి, పారేసినావే?” అంది అమ్మ.

“పారెయ్యలా. నాయన్ని ఎతికి తెమ్మని పంపినా.”

అల దాన్ని వెనక్కి తెచ్చింది. చిన్నాన్న నడుంలోతు నీళ్ళలోకి దిగి, దాన్ని ఇంకా దూరం విసిరాడు. నాయన మళ్ళీ రాలేదు. పెద్దవాళ్ళకూ అంతకంటే చెయ్యడానికేమీ లేదని చాలా ఏళ్ళకు తెలిసింది.

ఆ పొద్దు ఒడ్డున ఉన్నది అమ్మ బుజ్జమ్మ, అవ్వ రమణమ్మ, చిన్నాన్న శీనయ్య, నేను.