కోడళ్ళ బొంత

మా మేడ మీది వాటాలో అద్దెకుంటున్న అమ్మాయి మొన్న పొద్దున్నే మెట్లు దిగి వచ్చి, "ఆంటీ, బాగా మెత్తబడిన పాత కాటన్ చీరలేమైనా ఉన్నాయాండీ?" అని అడిగింది. ఏం చేసుకుంటావమ్మా అంటే ఫోన్ తీసి చూపించింది. గళ్ళు గళ్ళుగా ఒక దుప్పటి, ఒక గడిలో ఉన్న నమూనా ఇంకో గడిలో లేదు. దాన్ని శాంప్లర్ క్విల్ట్ అంటారట, ఫోన్‌లోనే ఎవరో మేడమ్ వారానికో గడి చొప్పున నేర్పుతోందట. నేను కళ్ళజోడు సర్దుకుని తీరిగ్గా చూసి, ఇది బొంతే కదే అన్నాను. పాపం, పిల్ల మొహం కాస్త చిన్నబోయింది. తీరా బీరువా అంతా వెతికితే ఒక్క నూలు చీర లేదు, ఉన్నవన్నీ పదేళ్ళు కట్టినా మెత్తబడని రకాలే. చివరికి రెండు పాత లంగాలిచ్చి పంపించాను గానీ, ఆ రోజంతా కూర మాడినా పట్టించుకోకుండా నా మనసు మా అత్తగారి వసారాలోనే తిరిగింది.

నా ఈడు వాళ్ళకి బొంత గురించి చెప్పక్కర్లేదు. చిరిగిన చీరలు నాలుగు పొరలుగా పరిచి, నలుగురు ఆడవాళ్ళు నాలుగు వైపులా కూర్చుని, ఊళ్ళో కబుర్లన్నీ కలిపి కుట్టేసేవాళ్ళం. చలికాలం కప్పుకోవడానికీ అదే, చంటిపిల్లల కిందకీ అదే, చుట్టాలొస్తే పరుపూ అదే. అయితే తెనాలిలో మా అత్తగారింట్లో ఉన్న బొంత అన్నిటిలాంటిది కాదు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ప్రతి పిల్లా తన పుట్టింటి పద్ధతిలో, తన తల్లి కట్టి విడిచిన చీరతో, ఒక గడి కుట్టి అందులో కలపాలి. మా అత్తగారి అత్తగారిది చేబ్రోలు, ఆవిడ గడి చదరంగం బల్లలా ఉండేది. మా అత్తగారిది రేపల్లె, ఆవిడ గడిలో చుట్టూ మెట్లు మెట్లుగా పట్టీలు పేర్చి ఉండేవి. చెరుకుపల్లి నుంచి వచ్చిన మా తోడికోడలు, అంటే మా బావగారి భార్య, గాలిపటం కుట్టింది, తోకతో సహా. అందుకే దాన్ని కోడళ్ళ బొంత అనేవారు.

నా పెళ్ళయిన ఏడాది ఆషాఢానికి నేను పుట్టింటికి వెళ్తుంటే మా అత్తగారు నా చేతిలో పూలు పెట్టి, "వచ్చేటప్పుడు మీ ఇంటి ముక్క కుట్టుకురా అమ్మాయ్, మీ అమ్మ పద్ధతి ఏదుంటే అది" అన్నారు. ఆవిడ మామూలుగానే అన్నారు గానీ, నేను సరిగా నడక నేర్చేసరికే మా అమ్మ పోయింది. సంబంధం మాట్లాడినప్పుడు ఆ సంగతి వాళ్ళకి తెలుసు, ఆ క్షణంలో ఆవిడకి గుర్తు లేదంతే. తల్లి లేని పిల్ల, దీనికేం తెలుస్తుందిలే అని ఎవరైనా అంటారేమోనన్న భయం పెళ్ళిపీటల మీద నుంచీ నాకుండేది. పచ్చడిలో ఉప్పు తక్కువైనా అదే భయం, ముగ్గు వంకరపోయినా అదే భయం. ఇప్పుడు ఏకంగా మా అమ్మ పద్ధతి తెమ్మంటే ఎక్కణ్ణుంచి తేను? బాపట్ల దాకా రైల్లో కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాను, పక్కావిడ నాకు కొత్త పెళ్ళికూతురి బెంగ అనుకుని అరటిపండు ఇచ్చింది.

ఇంటికెళ్ళాక నాకు నేనే ఒక ఉపాయం పన్నాను. మా వైపు ఆడపిల్లలకి పుట్టుకతో వచ్చే విద్య ముగ్గే కదా, మెలికల ముగ్గు ఒకటి గుడ్డలో దింపేస్తే సరి, అదే మా అమ్మ పద్ధతని చెప్పేయొచ్చు అనుకున్నాను. పిండితో అయితే చెయ్యి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. గుడ్డ అలా వింటుందా? ఒక్కో మలుపు దగ్గరా ముడత పడి, లాగినకొద్దీ బిగిసి, చివరికి నా గడి ఎండిన కాకరకాయలా తయారైంది. పైగా నేను కత్తిరించింది నా పాత పరికిణీ. దాన్ని ఒళ్ళో పెట్టుకుని నేను ఏడుస్తుంటే మా నాన్న పొలం నుంచి వచ్చారు. నాట్ల రోజులు, మోకాళ్ళ దాకా బురద. సంగతంతా విని, కాళ్ళు కడుక్కుని, లోపలికెళ్ళి ఇనప్పెట్టె తెరిచారు.

ఆ పెట్టెలో మా అమ్మ చీర ఒకటే ఒకటి ఉండేది. చీరాల నేత, వంకాయ రంగు, సన్న అంచు. నేను చిన్నప్పుడు దాన్ని ముట్టుకుంటే ఆయన ఊరుకునేవారు కాదు. ఆ రోజు ఆయనే తీసుకొచ్చి నా ముందు పెట్టి, "పెట్టెలో ఉంటే పురుగు కొడుతుంది, బొంతలో ఉంటే మనుషులు కప్పుకుంటారు" అన్నారు. కత్తెర పట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు, ఆయనకీ రాలేదు. చివరికి ఆయనే కొంగు వైపు నుంచి కత్తిరించారు.

ఇక పద్ధతి సంగతి. మా నాన్నకి తెలిసిన కుట్టు ఒకటే, ధాన్యం బస్తాల మూతి కుట్టడం. దబ్బనంతో, పురికొసతో, అటొకటి ఇటొకటి అడ్డంగా వేస్తూ, బస్తా మోసేవాడికి పట్టు దొరకాలని మూలల్లో చెవులు తీస్తారు చూడండి, అది. ఆయన కుట్టిన బస్తా లారీ మీద నుంచి పడినా గింజ రాలదని మా ఊళ్ళో పేరు. నాకూ అదే నేర్పారు. దబ్బనం బదులు సూది, పురికొస బదులు నాలుగు పోగుల దారం. నాలుగు మూలలా నాలుగు చెవులు మడిచి, చుట్టూ ఆ అడ్డకుట్టు వేశాం. మొదటి వైపు ఆయన వేసి చూపించారు, మిగతా మూడూ నేను వేశాను. చూడ్డానికి అందంగా ఏం లేదు, నిజం చెప్పాలంటే దిండు గలేబుకి తక్కువ, గోనెసంచికి ఎక్కువ.

శ్రావణం రాగానే తెనాలి వెళ్ళి దాన్ని మా అత్తగారి చేతిలో పెట్టాను. తోడికోడలు కూడా పనిమాలా వంటింట్లోంచి వచ్చి నిలబడింది. అత్తగారు ముందు చీరని వేళ్ళతో నలిపి చూశారు, తర్వాత రెండు చేతులా పట్టుకుని గట్టిగా లాగారు. కుట్టు కదల్లేదు. "ఇదేం పద్ధతే, నేనెక్కడా చూళ్ళేదు" అన్నారు. మెలికల ముగ్గు అబద్ధం ఒకటి నాలిక చివరిదాకా వచ్చింది గానీ బయటికి మాత్రం, చీర మా అమ్మదండి, కుట్టు మా నాన్నదండి, మా ఇంట్లో నాకు అన్నీ ఆయనే నేర్పారు అని వచ్చేసింది. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. నా తల మీద చెయ్యి వేసి, "మంచిదేనే. ఇన్ని తరాల్లో ఈ బొంతలోకి ఒక మగాడి కుట్టు వచ్చింది. దీన్ని తలవైపు వేద్దాం" అన్నారు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. తోడికోడలు ఊరుకుంటుందా, నా గాలిపటం ఎగిరిపోకుండా నీ బస్తా కాస్తుందిలే అని ఆ పూటంతా నన్ను ఏడిపించింది, ఈసారి నవ్వుతో.

ఆ మరుసటి వేసవిలో మా నాన్న తాటి ముంజెలు పట్టుకుని నన్ను చూడటానికి వచ్చారు. అప్పటికి రెండుసార్లు వచ్చినా, కూతురి అత్తవారిల్లని మొహమాటపడి, వసారా బల్ల మీద అంచున కూర్చుని, మజ్జిగ తాగి, వచ్చిన రైలుకే తిరిగి వెళ్ళిపోయిన మనిషి. ఆ రోజూ లేవబోతుంటే మా అత్తగారు అడ్డుపడ్డారు. "ఇంత ఎండలో ఎక్కడికండీ అన్నయ్యగారూ, కాసేపు నడుం వాల్చండి" అని, నవారు మంచం వాల్పించి, ఎప్పుడూ పెద్ద చుట్టాలకి తప్ప తియ్యని ఆ కోడళ్ళ బొంత తెచ్చి ఆవిడే పరిచారు. మా నాన్న పడుకోబోతూ తలవైపు చూసి ఆగిపోయారు. ఆ చెవులు వేళ్ళతో తడిమారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. ఆయన పక్కకి తిరిగి, ఆ వంకాయ రంగు మీద చెంప ఆనించి పడుకున్నారు. సాయంత్రం రైలు వెళ్ళిపోయింది, ఎవరూ లేపలేదు. ఆయన అంత హాయిగా నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ బొంత తర్వాత చాలా కాలం వాడాం. మా పిల్లలందరూ దాని మీదే దొర్లారు, తడిపారు, దాని కిందే దాగుడుమూతలాడారు. చివరికి చివికి మసిగుడ్డలైంది, బొంతలకి అదే గతి, అందులో విచారించాల్సింది లేదు. ఇప్పటి కోడళ్ళని ముక్క కుట్టుకురమ్మని ఎవరూ అడగరు, ఆ భయం వాళ్ళకి లేనందుకు నాకు నిజంగా సంతోషం. నా కోడలు బంగారం, బ్యాంకు నుంచి అలిసిపోయి వచ్చినా నా బీపీ మాత్ర సంగతి మర్చిపోదు. పెళ్ళికి ముందే తల్లి పోయిన పిల్ల అది కూడా. ఇన్నేళ్ళుగా పక్కపక్కనే కూర్చుని తింటున్నాం, వాళ్ళమ్మ ఏ రంగు చీర కట్టేదో మాత్రం నాకు తెలియదు.