మెయిన్ కింద యూసుఫ్

దయ్యాలు లేవని నేను డిగ్రీలోనే తేల్చుకున్నాను. అది కంప్యూటర్ల డిగ్రీ కాబట్టి ఈ విషయంలో దానికి పెద్ద అధికారం లేదు. అయినా ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. కోరుట్లలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో నేనూ, జగిత్యాల నుంచి వచ్చే యూసుఫూ పాఠాలు చెప్పేవాళ్లం. సిరిసిల్లలో మగ్గాలు నడిపే ఒకాయన కోసం చీర అంచుల డిజైన్లు గీసే ప్రోగ్రామ్ రాస్తున్నాం. ఎవరు రాసిన భాగానికి వాళ్ల పేరే పెట్టుకున్నాం, తప్పు దొరికితే ఎవరిని తిట్టాలో తెలుస్తుందని. ముందు వారమే అతని భాగం తీసేసి నేను తిరగరాశాను. అతనికి చెప్పలేదు.

బంద్ రోజుల్లో మాకో పద్ధతి ఉండేది. ఒకరు లోపల పనిచేయాలి. రెండోవాడు బయట షట్టర్‌కు తాళం వేసి, సాయంత్రం ఆరుకు వచ్చి తీయాలి. మోగితే దొరికిపోతామని లోపలివాడి ఫోన్ కూడా బయటివాడి దగ్గరే. ఇద్దరం ఉద్యమం వైపే. గడువు మాత్రం ఏ బంద్‌నూ పాటించదు.

ఆ రోజు లోపల యూసుఫ్, ముందు రాత్రే వచ్చి నా గదిలో పడుకున్నాడు. నేను నా గదిలో లాప్‌టాప్ ముందు. బస్సుల్లేవు, మెస్ లేదు, కిటికీ కింద ఒక్క మనిషి లేడు. తోడుకు, ప్రోగ్రామ్‌లో తప్పులు వెతికిపెట్టే డిబగ్గరే దిక్కు.

అది ప్రోగ్రామ్‌ను మధ్యలో ఆపి ఒక జాబితా చూపిస్తుంది. పై వరుసలో ఇప్పుడు పనిచేస్తున్న భాగం. దాని కింద, దాన్ని పిలిచి అది తిరిగొచ్చేదాకా ఎదురుచూస్తున్న భాగం. అలా దిగుతూ పోతే అన్నిటికన్నా కింద మెయిన్, ప్రోగ్రామ్ మొదలయ్యే భాగం. దాని కింద ఏమీ ఉండదు.

రెండుంబావుకు మెయిన్ కింద ‘యూసుఫ్’ అని వచ్చింది.

ప్రోగ్రామంతా వెతికాను. ఆ పేరు ఎక్కడా లేదు. ఆపి మళ్లీ నడిపాను. మళ్లీ అదే.

టీ పెట్టుకున్నాను, తాగలేదు. పాపం ఆకలితో ఉంటాడని నాకు నేను చెప్పుకుని, బిస్కెట్ పాకెట్‌తో బయల్దేరాను. బిస్కెట్ల కోసం ఎవరూ పరిగెత్తరని దారిలో తోచింది.

సెంటర్ ముందు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి ఉద్యమకారుల వంటావార్పు. డప్పులు, పాటలు. తాళం తీస్తుంటే ఒక పెద్దమనిషి గరిటెతో వచ్చాడు.

“బంద్ నాడు తెరుస్తున్నవా సారూ? సదువుకున్నోనివి, జర సిగ్గుండాలె.”

షట్టర్ లేచింది. వెనకే యూసుఫ్ పడి ఉన్నాడు, చేతిలో ఖాళీ ఇన్‌హేలర్. అతనికి ఆయాసం ఉందని నాకు తెలుసు. మందు అయిపోవచ్చని ఇద్దరికీ తట్టలేదు.

గరిటె పడేసి ఆ పెద్దమనిషే ముందు వంగాడు. “కాళ్లు పట్టు సారూ. ఆటోకు తొవ్వ ఇడువుండ్రి.”

ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు డాక్టర్.

సాయంత్రానికి యూసుఫ్ మాట్లాడాడు. “రెండు దాటినంక పట్టుకుంది భాయ్. షట్టర్ కొట్టిన, నిన్ను పిలిచిన. గా డప్పులల్ల ఎవలకు ఇనబడుతది?”

జాబితా సంగతి చెప్పాను. అతని భాగం తీసేసిన సంగతీ చెప్పాల్సి వచ్చింది.

“అది డిబగ్గర్ తప్పు. పాత చెత్త చూపెట్టింది,” అన్నాడు. నా వైపు తిరిగి, “నా కోడ్ ఎందుకు తీసినవ్ మల్ల?” అన్నాడు.

తప్పని తేల్చాలంటే దాన్ని మళ్లీ రప్పించాలి. అదే లాప్‌టాప్, అదే ప్రోగ్రామ్. ఎన్నిసార్లు నడిపినా రాలేదు. ఎందుకొచ్చిందో ఈనాటికీ చెప్పలేను.

యూసుఫ్‌కు ఇప్పుడు వేరే ఊళ్లో ఉద్యోగం. ఫోన్లు పండుగలకే మిగిలాయి. ప్రోగ్రామ్ ఆపిన ప్రతిసారీ మెయిన్ కింద చూస్తాను. ఖాళీగానే ఉంటుంది. అది మంచి సంగతేనని నాకు తెలుసు.