ఒక్కటే తడి గోనెసంచి

మా అన్నను ఒక్క ప్రశ్న పాతికేళ్లకు పైగా అడుగుతున్నాను. ఫోన్లో అడిగితే సిగ్నల్ లేదంటాడు, పెళ్లిలో అడిగితే అన్నం తిననివ్వమంటాడు. నిన్న ఆత్మకూరు పెట్రోల్ బంకులో ఎండకు కాగిన టైర్ల వాసన తగలగానే మళ్లీ కడుపు మండింది.

నాకప్పుడు పదకొండేళ్లు. ఉదయగిరిలో వేసవి సైకిల్ పందెం, బస్టాండు చుట్టూ తారు రోడ్డు మీద పది రౌండ్లు. పొద్దున్నే అన్న మా ఇద్దరి అద్దె సైకిళ్లకూ గాలి కొట్టి, నా టైరు బొటనవేలితో నొక్కి చూశాడు.

"రాయి మాదిరి ఉండాదిరా! ఇంక నిన్నెవడు పట్టుకుంటాడు?"

అతని టైరు నొక్కితే వేలు కొంచెం దిగింది. పాపం, తనకు తగ్గించుకుని నాకు ఎక్కువ కొట్టాడనుకున్నాను. గెలిస్తే బహుమతి టార్చిలైటు అతనికే ఇచ్చేద్దామనుకున్నాను. తన సైకిల్‌ను నీడలో పెట్టి చక్రాల మీద తడి గోనెసంచి కప్పాడు. నాది ఎండలో నిలబెట్టాడు. అప్పుడూ నాకు అనుమానం రాలేదు.

మధ్యాహ్నం పందెం మొదలైంది. ఆరో రౌండు మలుపులో, అందరికంటే ముందున్నప్పుడు, నా ముందు టైరు పేలింది. మోకాలి చర్మం తారుకు అంటుకుపోయింది. అన్న నా పక్కనుంచే పోతూ అరిచాడు.

"ఏందిరా, అప్పుడే పడుకున్నావా?"

జనమంతా నవ్వారు. టార్చిలైటు అతనికే వచ్చింది.

ఎండకు గాలి ఉబ్బుతుందని నాకు చాలా తర్వాత తెలిసింది. అతనికి ఆ పొద్దునే తెలుసు.

అన్నా, ఇది నువ్వు చదువుతావు. సైకిళ్లు రెండుంటే గోనెసంచి ఒక్కటే ఎందుకు తడిపినావు? చెప్పు.